వార్డులో మొదలైన క్రీడోత్సవం

వైకల్యం ఉన్న క్రీడాకారుల అంతర్జాతీయ పోటీల చరిత్రను 1948 జూలై 29న ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పచ్చికపై జరిగిన విలువిద్య పోటీతో ప్రారంభించడం ఆనవాయితీగా వస్తోంది. నేటి పారాలింపిక్ క్రీడల వంశవృక్షాన్ని గీసేవారికి ఆ తేదీ సరిపోతుంది గానీ, అంతకు 24 ఏళ్ల ముందే, 1924 ఆగస్టులో, ప్యారిస్‌లోని పెర్షింగ్ స్టేడియంలో తొమ్మిది యూరప్ దేశాలకు చెందిన 148 మంది బధిర క్రీడాకారులు వారం రోజులపాటు అంతర్జాతీయ స్థాయిలో పోటీపడిన సంగతి ఆ లెక్కలోకి రాదు. ఆ పోటీలకు రూపకల్పన చేసిన యూజీన్ రూబెన్స్-అల్కే స్వయంగా బధిరుడు. అందులో పాల్గొన్నవారు రోగులు కారు, నిర్వాహకులు వైద్యులు కారు. పోటీలు ముగిసే వేళకు అక్కడే బధిరుల అంతర్జాతీయ క్రీడాసంఘం ఏర్పడింది. తుపాకీ శబ్దం వినలేనివారికి జెండా ఊపో, దీపం వెలిగించో పరుగు ప్రారంభించడం తప్ప ఆటల నియమాల్లో పెద్ద మార్పులేవీ అవసరం పడలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తప్ప దాదాపు నాలుగేళ్లకొకసారి జరుగుతూ వచ్చిన ఈ క్రీడలకు 2001లో డెఫ్లింపిక్స్ అనే పేరు స్థిరపడింది.

బధిరుల క్రీడోద్యమాన్ని ముందుగా ప్రస్తావించడానికి ఒక కారణం ఉంది. వైకల్యం ఉన్నవారి క్రీడలు తమ ఆటలను తామే నడుపుకునే సంఘంగానూ మొదలు కాగలవని, వైద్యుడి చికిత్సలో భాగంగానూ మొదలు కాగలవని ఈ రెండు ఉద్యమాలు చూపిస్తాయి. పారాలింపిక్ క్రీడలు రెండో దారిలో పుట్టాయి. ఆసుపత్రిలో పుట్టిన ఆ క్రీడ ఆసుపత్రి గడప దాటడానికి పట్టిన నలభై ఏళ్ల పెనుగులాటే దాని అసలు చరిత్ర. ఆ గడపను అది పూర్తిగా ఎన్నడూ దాటలేదన్న సంగతి వర్గీకరణ అనే అంశాన్ని పరిశీలించినప్పుడు తేలుతుంది.

వైకల్యం ఉన్నవారు సాధారణ ఒలింపిక్స్‌లోనే పాల్గొని పతకాలు గెలిచిన సందర్భాలు అంతకు ముందూ ఉన్నాయి. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో జార్జ్ ఐసర్ అనే జిమ్నాస్టు కొయ్యకాలుతో పోటీచేసి ఒకే రోజు ఆరు పతకాలు గెలుచుకున్నాడు. హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ కుడిచేయి 1938లో గ్రెనేడు పేలి ఛిద్రమైతే, ఎడమచేత్తో గురిపెట్టడం మొదటి నుంచీ నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో పిస్తోలు విభాగంలో స్వర్ణాలు సాధించాడు. పోలియో వల్ల మోకాళ్ల కింద పట్టుతప్పిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్, గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇతరుల సాయం అవసరమైనా, 1952లోనూ 1956లోనూ అశ్వవిన్యాసాల పోటీలో రజతం పొందింది. వీరంతా ఒంటరి విజేతలు. వారి వెనుక సంస్థ లేదు, వారి తర్వాత వచ్చేవారికి దారీ ఏర్పడలేదు. వెన్నుపాము తెగి నడుము కింది భాగం చచ్చుబడినవారికైతే ఆ కాలంలో ఆట సంగతి అటుంచి, బతకడమే అరుదు.

ఆ పరిస్థితిని మార్చినవాడు లుడ్విగ్ గుట్‌మన్. 1899లో నాటి జర్మనీలోని ఎగువ సైలీషియాకు చెందిన టోస్ట్ పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టి, బ్రెస్లావ్ నగరంలో నాడీవైద్యుడిగా పేరు తెచ్చుకున్న గుట్‌మన్‌ను నాజీ ప్రభుత్వం సాధారణ ఆసుపత్రుల నుంచి తొలగించడంతో ఆయన ఆ నగరంలోని యూదుల ఆసుపత్రిలో చేరాడు. 1938 నవంబరు 9 రాత్రి యూదులపై దేశవ్యాప్తంగా దాడులు జరిగినప్పుడు, ఆశ్రయం కోరి వచ్చినవారిని రోగులుగా చేర్చుకోమని సిబ్బందిని ఆదేశించి, మర్నాడు వచ్చిన అధికారులకు ఒక్కొక్కరి జబ్బునూ వర్ణించి చెప్పి చాలామందిని అరెస్టు కాకుండా కాపాడాడు. 1939లో కుటుంబంతో ఇంగ్లండు చేరి కొన్నేళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధనలో గడిపాక, యూరప్ భూభాగంపై మిత్రరాజ్యాలు చేయబోయే దాడిలో వెన్నెముక గాయాలతో తిరిగివచ్చే సైనికుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం ఎయిల్స్‌బరీ సమీపంలోని స్టోక్ మాండెవిల్‌లో నెలకొల్పిన ప్రత్యేక కేంద్రానికి 1944 ఫిబ్రవరి 1న అధిపతి అయ్యాడు.

వెన్నుపాము దెబ్బతిన్నవారిని చంపేది సాధారణంగా ఆ గాయం కాదు. స్పర్శ తెలియని శరీరం ఒకే భంగిమలో గంటల తరబడి పడి ఉండటంవల్ల ఏర్పడే పడక పుండ్లూ, మూత్రాశయంపై అదుపు పోవడంవల్ల మూత్రపిండాలకు పాకే ఇన్‌ఫెక్షనూ కలిసి, పదిమందిలో ఎనిమిదిమందిని కొద్దికాలంలోనే బలిగొనేవి. అందువల్ల ఇటువంటి రోగులను నొప్పి తెలియకుండా ఉంచి కాలం వెళ్లబుచ్చడమే వైద్యంగా చలామణి అయ్యేది. గుట్‌మన్ చేసిన మార్పు చూడటానికి అతి సామాన్యమైనది. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ప్రతి రోగినీ పక్క మార్చి పడుకోబెట్టాలన్నాడు, మూత్రం తీసే గొట్టాలను పరిశుభ్రంగా వాడించాడు, రోగి కదలకుండా వేసే పిండికట్టును నిషేధించాడు. ఇవి సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడటానికి అర్ధరాత్రి వార్డుల్లోకి వచ్చేవాడు. అప్పుడే వాడుకలోకి వస్తున్న పెన్సిలిన్ కూడా కలిసివచ్చింది. రోగులు చావడం మానేశాక, బతికి ఏం చేయాలన్న ప్రశ్న ఎదురైంది. దానికి జవాబుగా వడ్రంగం, గడియారాల మరమ్మతు వంటి పనులతోపాటు ఆటలూ ఆసుపత్రి దినచర్యలోకి ప్రవేశించాయి.

మొదట చక్రాల కుర్చీలలో కూర్చుని కర్రలతో ఆడే పోలో ప్రయత్నించి, అది మరీ మొరటుగా ఉందని వదిలేసి, బంతిని వలలో వేసే నెట్‌బాల్‌కూ ఆ తర్వాత బాస్కెట్‌బాల్‌కూ మారారు. అయితే గుట్‌మన్ మనసు విలువిద్య మీద ఉండేది. విల్లు లాగడంవల్ల భుజాలు, వీపు, మొండెం బలపడి కుర్చీలో నిటారుగా కూర్చునే శక్తి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, నిలబడి బాణం వేసేవారితో కూర్చుని వేసేవారు ఏ మినహాయింపూ లేకుండా సమానంగా తలపడగల ఆట అది. లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, 1948 జూలై 29న, స్టోక్ మాండెవిల్ రోగులకూ రిచ్‌మండ్‌లోని స్టార్ అండ్ గార్టర్ సైనిక ఆశ్రమవాసులకూ మధ్య జరిగిన పోటీలో పాల్గొన్నది 14 మంది పురుషులూ ఇద్దరు మహిళలూ. గెలిచినది అతిథి జట్టు. ఆ మరుసటి ఏడాదే, ఇవి వికలాంగుల ఒలింపిక్స్‌తో సమానమయ్యే రోజు వస్తుందని గుట్‌మన్ బహిరంగంగా ప్రకటించినప్పుడు విన్నవారు దాన్ని వైద్యుడి అత్యుత్సాహంగానే తీసుకుని ఉంటారు. 1952లో నెదర్లాండ్స్ నుంచి మాజీ సైనికుల జట్టు రావడంతో పోటీలు అంతర్జాతీయమయ్యాయి.

స్టోక్ మాండెవిల్ రోగులు గుట్‌మన్‌ను ‘పాపా’ అని పిలిచేవారు. ఆ పిలుపులో ప్రేమ ఎంత ఉందో, ఇంటిపెద్ద ముందు ఉండే వెరపూ అంతే ఉంది. ఎవరు ఆడాలో, ఏ ఆట ఆడాలో, ఎంతసేపు ఆడాలో నిర్ణయించేది ఆయనే. పరుగుపందెంలో ఎక్కువ దూరాలు వెన్నుపాము రోగులకు ప్రమాదమన్న అభిప్రాయం ఆనాటి వైద్యుల్లో బలంగా ఉండటంవల్ల చక్రాల కుర్చీల పందాలు చాలాకాలం తక్కువ దూరాలకే పరిమితమయ్యాయి. ఎంతో దూరం కుర్చీ నడిపే క్రీడాకారులు తర్వాతి తరంలో పుట్టుకొచ్చాక ఆ భయం ఎంత నిరాధారమో తెలిసింది.

1960లో గుట్‌మన్ ఈ క్రీడలను ఒలింపిక్స్ జరిగిన రోమ్‌కే తరలించగలిగాడు. ఇటలీలో పారిశ్రామిక ప్రమాదాల బీమా సంస్థ తరఫున వెన్నుపాము కేంద్రాన్ని నడిపే ఆంటోనియో మాల్యో అనే వైద్యుడి సహకారంతో సెప్టెంబరు 18 నుంచి 25 వరకు జరిగిన ఆ పోటీలకు 23 దేశాల నుంచి సుమారు 400 మంది వచ్చారు. అందరూ చక్రాల కుర్చీల వారే. వీటినే తర్వాతి కాలంలో మొదటి పారాలింపిక్స్‌గా లెక్కించారు. బస ఏర్పాటు మాత్రం వింతగా ఉంది. క్రీడాగ్రామంలోని భవనాలు స్తంభాల మీద ఎత్తుగా నిలిచి ఉండటంతో, ఇటలీ సైనికులు క్రీడాకారులను కుర్చీలతో సహా ఎత్తి మెట్లు దించవలసి వచ్చింది. ఈ క్రీడల్లో బ్రిటన్‌కు తొలి స్వర్ణం తెచ్చిన విలుకత్తె మార్గరెట్ మాగన్, ఆఫ్రికాలో ఉపాధ్యాయినిగా పనిచేస్తూ రోడ్డుప్రమాదంలో గాయపడిన మహిళ. తాను గెలిచిన సంగతే తెలియక తిరుగు ప్రయాణపు బస్సు ఎక్కి కూర్చున్న ఆమెను వెతికి తెచ్చి పతకం ఇచ్చారు. 1960లో రోమ్, 1964లో టోక్యో ఒలింపిక్ మారథాన్ల విజేతగా లోకం ఎరిగిన ఇథియోపియా పరుగువీరుడు అబేబే బికిలా పేరు కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ఆయన 1969లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి స్టోక్ మాండెవిల్‌లోనే చికిత్స పొంది, 1970లో అక్కడి క్రీడల్లో విల్లు పట్టాడు.

టోక్యో 1964 క్రీడల ప్రభావం పతకాల పట్టికలో కనిపించదు. స్టోక్ మాండెవిల్‌లో పనిచేసి వచ్చిన నకామురా యుతాకా అనే ఎముకల వైద్యుడు స్వదేశంలో రోగులను ప్రదర్శనకు పెడుతున్నాడన్న విమర్శను తట్టుకుని వాటిని నిర్వహించాడు. జపాన్ జట్టులో అత్యధికులు ఆసుపత్రుల నుంచీ శరణాలయాల నుంచీ వచ్చినవారు కాగా, యూరప్, అమెరికా క్రీడాకారులు ఉద్యోగాలు చేసుకుంటూ, పెళ్లిళ్లు చేసుకుని, పోటీ ముగిశాక సరదాగా నగరం తిరగడం వారిని నిర్ఘాంతపరచింది. వీరికి కావలసింది పతకం కాదు, ఉద్యోగం అని తేల్చుకున్న నకామురా 1965లో బెప్పు పట్టణంలో ‘తైయో నో ఇయె’ అనే ఉపాధి సంస్థను స్థాపించాడు. ఒమ్రాన్, సోనీ, హోండా వంటి కంపెనీలు దానితో కలిసి కర్మాగారాలు నెలకొల్పాయి. 1975లో, బెప్పు ఉన్న ఓయితా ప్రాంతంలోనే ఆయన ప్రారంభించిన దూరప్రాచ్య, దక్షిణ పసిఫిక్ వికలాంగుల క్రీడలే నేటి ఆసియా పారా క్రీడలకు పూర్వరూపం.

భారతదేశం ఈ వేదిక మీదికి వచ్చింది 1968లో. ఆ ఏడాది ఒలింపిక్స్ నిర్వహించిన మెక్సికో తన వల్ల కాదని తప్పుకోవడంతో పోటీలు ఇజ్రాయెల్‌కు తరలగా, పదిమంది భారతీయులు అక్కడ పాల్గొన్నారు. వారిలో ఒకడైన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో ఈఎంఈ దళానికి చెందిన బాక్సరు. 1965 యుద్ధంలో తగిలిన తూటాలవల్ల కాళ్లు పట్టుతప్పాయి. 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతను 37.33 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం సాధించాడు. ఒలింపిక్స్‌లోనైనా పారాలింపిక్స్‌లోనైనా ఒక భారతీయుడు వ్యక్తిగతంగా స్వర్ణం గెలవడం అదే మొదలు. షూటర్ అభినవ్ బింద్రా బీజింగ్ ఒలింపిక్స్‌లో గెలిచిన స్వర్ణానికి 36 ఏళ్ల ముందు జరిగిన ఈ విజయం పాఠ్యపుస్తకాలకెక్కలేదు. పేట్కర్‌కు పద్మశ్రీ దక్కింది 2018లో.

అప్పటివరకూ వెన్నుపాము రోగులకే పరిమితమైన క్రీడలు 1976 టొరొంటోలో కాళ్లూ చేతులూ కోల్పోయినవారికీ అంధులకూ తలుపు తెరిచాయి. కెనడాకు చెందిన ఆర్నీ బోల్ట్ ఒంటికాలితో 1.86 మీటర్ల ఎత్తు దూకడం చూసినవారికి ఇది చికిత్స అన్న మాట ఇక వర్తించదని అర్థమై ఉండాలి. అదే ఏడాది స్వీడన్‌లో తొలి శీతాకాల క్రీడలూ జరిగాయి. 1980లో మెదడుకు పుట్టుకలోనే దెబ్బతగిలి కండరాలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు చేరారు. ఒలింపిక్స్ నిర్వహించిన మాస్కో ఈ క్రీడలను నిరాకరించగా నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ ఆతిథ్యమిచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే గుట్‌మన్ మరణించాడు. 1984లోనైతే ఇలినాయ్ విశ్వవిద్యాలయం డబ్బు సమకూరక చివరి నెలల్లో చేతులెత్తేయడంతో, ఇతర విభాగాలు న్యూయార్క్‌లో జరిగినా, చక్రాల కుర్చీల క్రీడలు మళ్లీ స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ప్రాంగణానికే చేరాయి.

ఇక్కడ వర్గీకరణ గురించి కాస్త విపులంగా చెప్పుకోవాలి. కుస్తీలో బరువును బట్టి పోటీదారులను విడదీసినట్టే, వైకల్యం స్వభావాన్నీ తీవ్రతనూ బట్టి క్రీడాకారులను విభాగాలుగా చేసి, ఎవరు ఎవరితో తలపడాలో తేల్చడమే వర్గీకరణ. తొలి దశాబ్దాలలో అది పూర్తిగా వైద్యుల పని. వెన్నుపాము ఏ పూస దగ్గర తెగిందో, కాలు ఎక్కడ తీసేశారో పరీక్షించి రోగ నిర్ధారణను బట్టే విభాగం కేటాయించేవారు. కుర్చీ నడపడంలో ఇద్దరి సామర్థ్యం ఒకటే అయినా, ఒకరు కాలు కోల్పోయినవారూ మరొకరు పోలియో బాధితులూ అయితే ఇద్దరూ ఎదురుపడే అవకాశమే ఉండేది కాదు. ఫలితంగా విభాగాలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో 237 పతకాంశాలుంటే, అదే ఏడాది అక్కడే జరిగిన పారాలింపిక్స్‌లో 700కు పైగా ఉన్నాయి.

దీన్ని ఎదిరించినవారిలో చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ముందు నిలిచారు. జర్మనీకి చెందిన హార్స్ట్ స్ట్రోకెండల్ రూపొందించిన పద్ధతిలో ఆటగాడిని పరీక్షబల్ల మీద పడుకోబెట్టి సూదితో గుచ్చి చూడటానికి బదులు, కోర్టులో బంతి అందుకునేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు అతని మొండెం ఎంతవరకు కదులుతోందో గమనించి, 1 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇస్తారు. కోర్టులో ఉండే ఐదుగురి పాయింట్లు కలిపి 14 మించకూడదు కాబట్టి, తీవ్ర వైకల్యం ఉన్న ఆటగాడికి జట్టులో స్థానం దయవల్ల కాక వ్యూహంవల్ల దక్కుతుంది. శరీరానికి ఏమైందని కాక, ఆటలో ఆ శరీరం ఏం చేయగలదని అడిగే ఈ ‘క్రియాత్మక వర్గీకరణ’ 1992 బార్సెలోనా నాటికి చాలా క్రీడలకు విస్తరించింది. ఈ మార్పు కోసం పోరాడిన బ్రిటిష్ ఆటగాడు ఫిలిప్ క్రేవెన్ తర్వాత 2001 నుంచి 2017 వరకు అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ అధ్యక్షుడయ్యాడు.

ఆ కమిటీ ఏర్పడింది 1989 సెప్టెంబరు 22న, జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో. అంతకుముందు వైకల్యానికొక సంస్థ చొప్పున నాలుగైదు సంస్థలు అధికారాన్ని పంచుకునేవి. కొత్త కమిటీలో దేశాలకూ క్రీడాకారులకూ ఓటు లభించింది. రాబర్ట్ స్టెడ్‌వర్డ్ అనే కెనడా ఆచార్యుడు తొలి అధ్యక్షుడు. బధిరుల సంఘం కొంతకాలం ఇందులో ఉండి 1995లో వైదొలిగింది. తమ క్రీడలను తామే నడుపుకోవడానికి అలవాటుపడినవారు మరొకరి పెత్తనంలో ఇమడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒలింపిక్స్‌తో సాన్నిహిత్యమూ ఈ కాలంలోనే పెరిగింది. 1988లో సియోల్‌లో మొదటిసారిగా ఒలింపిక్స్ జరిగిన స్టేడియంలోనే పారాలింపిక్స్ జరిగాయి. 1992లో బార్సెలోనా ఒలింపిక్ జ్యోతిని నిప్పుబాణంతో వెలిగించింది ఆంటోనియో రెబోయో అనే పోలియో బాధితుడైన పారాలింపిక్ విలుకాడు. 2001లో అంతర్జాతీయ ఒలింపిక్, పారాలింపిక్ కమిటీలు కుదుర్చుకున్న ఒప్పందంతో, ఒలింపిక్స్ కోరుకునే నగరం పారాలింపిక్స్ బాధ్యతా తీసుకోవడం తప్పనిసరైంది. మెక్సికోలా, మాస్కోలా తప్పుకునే వీలు లేకుండా పోయింది.

క్రియాత్మక వర్గీకరణ కూడా నమ్మకం మీద నడిచేదే. 2000లో సిడ్నీలో మేధోవైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులోని 12 మందిలో పదిమందికి అసలు ఏ వైకల్యమూ లేదని, ఆ జట్టులోనే మారువేషంలో ఆడిన కార్లోస్ రిబగోర్దా అనే పాత్రికేయుడు పోటీల తర్వాత బయటపెట్టాడు. శిక్ష స్పెయిన్‌తో ఆగలేదు. మేధోవైకల్యాన్ని నిర్ధారించే పరీక్షలు నమ్మదగ్గవి కావంటూ కమిటీ ఆ విభాగాన్నే పారాలింపిక్స్ నుంచి తొలగించడంతో, మోసంతో ఏ సంబంధమూ లేని వందలాది మంది క్రీడాకారులు 2004లోనూ 2008లోనూ పోటీకి దూరమయ్యారు. దొంగను పట్టుకోలేక ఊరినే ఖాళీ చేయించినట్టున్న ఈ నిర్ణయాన్ని ఆ కమిటీ చరిత్రలో అతి అన్యాయమైనదిగా చెప్పక తప్పదు. కొత్త పరీక్షా విధానం రూపొందాక 2012 లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో మాత్రం వారికి తిరిగి ప్రవేశం లభించింది. ఇతర విభాగాల్లోనూ ఇటువంటి చిక్కులు తప్పలేదు. 2021లో జరిగిన టోక్యో పోటీలలో డిస్కస్ త్రోలో భారత్‌కు వచ్చిన ఒక కాంస్యం, ఆ క్రీడాకారుడు తాను పోటీపడిన విభాగానికి చెందడని పరీక్షకులు తేల్చడంతో మర్నాడే రద్దయింది. పతకం మెడలో పడాలా వద్దా అన్న తుది నిర్ణయం నేటికీ పరీక్ష గదిలోనే ఉంది.

అథ్లెటిక్స్‌లో మేధోవైకల్యం ఉన్నవారి విభాగాన్ని టీ20 అంటారు. టీ అంటే ట్రాక్, 20 అన్నది వైకల్యాన్ని సూచించే సంఖ్య. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో జీవంజి దీప్తి పుట్టిన 2003లో ఆ విభాగానికి పారాలింపిక్స్‌లో చోటు లేదు. అందులో 400 మీటర్ల పరుగును చేర్చింది 2016 రియో పోటీలలోనే. భారత అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేశ్ వద్ద హైదరాబాదులో తర్ఫీదు పొందిన దీప్తి, వైకల్య నిర్ధారణ పరీక్షలన్నీ దాటాక, 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పోటీలలో 55.07 సెకన్లతో అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 సెకన్ల రికార్డును తిరగరాసింది. ఆ సెప్టెంబరులో పారాలింపిక్స్ ఫైనల్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి యూలియా షూల్యార్ 55.16, తుర్కియే క్రీడాకారిణి ఐసెల్ ఓండర్ 55.23 సెకన్లతో ముందు నిలవగా, 55.82 సెకన్లతో దీప్తికి కాంస్యం దక్కింది. ఆ పోటీలలో భారత్ గెలిచిన 29 పతకాలలో మేధోవైకల్య విభాగం నుంచి వచ్చినది అదొక్కటే.